ఫార్మాట్ కొట్టించే ముందు: పాత కంప్యూటర్ ఎక్కడ ఆగుతోందో పట్టుకోవడం ఎలా

"సిస్టమ్ బాగా స్లో అయింది" అంటూ సీపీయూ మోసుకెళ్తే చాలా షాపుల్లో వినిపించే మాట ఒక్కటే: "ఫార్మాట్ కొట్టేద్దాం సార్." కొడతారు. పది రోజులు బాగానే నడుస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. 2010 తర్వాత, 2018 లోపు కొన్న ఇంటి కంప్యూటర్లలో నెమ్మదికి కారణం చాలాసార్లు విండోస్ కాదు. హార్డ్ డిస్క్ అరిగి ఉంటుంది, లేదా ర్యామ్ చాలదు, లేదా దుమ్ము పట్టి ప్రాసెసర్ వేడెక్కుతుంటుంది. వీటిలో ఏదో తేలకుండా డబ్బు పెట్టడం దండగ. తేల్చుకోవడానికి అరగంట చాలు, పైసా ఖర్చు లేదు.

అన్నట్టు, డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి పదే పదే రిఫ్రెష్ కొట్టే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల ఐకాన్లు మళ్లీ గీయడం తప్ప ఇంకేం జరగదు. ర్యామ్ ఖాళీ అవ్వదు, వేగం పెరగదు.

స్టాప్‌వాచ్ పట్టుకుని మొదలుపెట్టండి

ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి పవర్ బటన్ నొక్కండి. మూడు సమయాలు రాసుకోవాలి: బటన్ నొక్కినప్పటి నుంచి విండోస్ గుర్తు కింద చుక్కలు తిరగడం మొదలయ్యేదాకా, అక్కణ్నుంచి పాస్‌వర్డ్ అడిగేదాకా, పాస్‌వర్డ్ కొట్టాక బ్రౌజర్ నిజంగా తెరుచుకుని పేజీ కనిపించేదాకా. ఈ మూడు ముక్కలకీ కారణాలు వేరువేరు.

మొదటి ముక్కే ఇరవై సెకన్లు దాటుతోందా? అప్పటికి విండోస్ ఇంకా రంగంలోకే రాలేదు, కాబట్టి ఫార్మాట్‌తో దానికి సంబంధమే లేదు. వెనక గుచ్చి మరిచిపోయిన పెన్ డ్రైవ్, ఎక్స్‌టర్నల్ డిస్క్, కార్డ్ రీడర్ అన్నీ పీకేసి మళ్లీ చూడండి. పాత డీవీడీ డ్రైవ్ పాడైనా బయోస్ (విండోస్ కంటే ముందు లేచే, మదర్‌బోర్డులోని చిన్న ప్రోగ్రామ్) దాని జవాబు కోసం కాచుకుని కూర్చుంటుంది. దాని డేటా కేబుల్ తీసి చూస్తే తెలిసిపోతుంది. బయోస్‌లో బూట్ ఆర్డర్‌లో నెట్‌వర్క్ మొదట ఉంటే కిందికి దించి, హార్డ్ డిస్క్‌ని పైకి తెండి.

తేదీ తప్పుగా చూపిస్తూ, రోజూ ఎఫ్1 నొక్కమని అడుగుతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బటన్ సెల్ అయిపోయిందన్నమాట. మూడు వోల్టుల ఆ సెల్ గడియారాల షాపులో కూడా దొరుకుతుంది. తేదీ తప్పైతే బ్యాంకు సైట్లు కూడా సెక్యూరిటీ హెచ్చరిక చూపించి తెరుచుకోవు, నెట్ పోయిందేమో అనుకుంటారు. సెల్ మార్చే ముందు బయోస్‌లో సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఐడీఈనా, ఏహెచ్‌సీఐనా అని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సెల్ పోతే ఆ సెట్టింగ్ మొదటికి వెళ్లిపోతుంది. పాతది ఒకటి, కొత్తది ఒకటి అయితే విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది. చాలామంది అక్కడే "విండోస్ పోయింది" అనుకుని ఫార్మాట్‌కి ఒప్పుకుంటారు. బయోస్‌లో పాత మోడ్‌కి మార్చితే చాలు, లేచి కూర్చుంటుంది.

రెండో ముక్క ఎక్కువైతే డిస్క్ మీద అనుమానం. మూడోది ఎక్కువైతే స్టార్టప్ ప్రోగ్రాములు, ర్యామ్, డిస్క్ మూడూ కలిసి ఉంటాయి.

ఇంకొంచెం లోతుగా చూడాలనుకునేవాళ్లు ఈవెంట్ వ్యూయర్ తెరిచి అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, అందులో మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నోస్టిక్స్-పెర్ఫార్మెన్స్, ఆపరేషనల్ దాకా వెళ్లండి. ఈవెంట్ 100 లో బూట్ అవడానికి పట్టిన సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది. 95000 అంటే 95 సెకన్లు. పక్కనే 101 ఉంటే ఆలస్యం చేసిన ప్రోగ్రామ్ పేరు, 102 లో డ్రైవర్ పేరు, 103 లో సర్వీస్ పేరు దొరుకుతాయి.

టాస్క్ మేనేజర్ ఏం చెబుతోంది

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. సిస్టమ్ ఆన్ చేసిన వెంటనే చూసి నిర్ణయానికి రావద్దు. ఆ సమయంలో విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్, సెర్చ్ ఇండెక్సింగ్ అన్నీ ఒక్కసారి మీద పడతాయి. పావుగంట వదిలేసి, ఏమీ తెరవకుండా పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి.

పావుగంట తర్వాత కూడా డిస్క్ 100 శాతంలో ఉండి, కింద రీడ్, రైట్ వేగం మాత్రం సెకనుకు ఒకటి రెండు ఎంబీలే చూపిస్తోందా? హార్డ్ డిస్క్ మీద ఇది మామూలు దృశ్యం, లెక్క కూడా సులువే. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్ ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు, హెడ్ జరగడానికి మరో 9 మిల్లీసెకన్ల దాకా. అంటే ఒక్కో చిన్న ఫైల్ ముక్కకి 13 మిల్లీసెకన్లు, సెకనుకు సుమారు 75 ముక్కలు. ల్యాప్‌టాప్‌లలోని 5400 డిస్కులు ఇంకా నెమ్మది. విండోస్ లేవడమంటే వేల కొద్దీ చిన్న ముక్కలు చదవడమే. చిప్‌లలో డేటా దాచే ఎస్ఎస్‌డీకి తిరిగే పళ్లెం లేదు కాబట్టి సెకనుకు పదుల వేల ముక్కలు చదివేస్తుంది. మీ సిస్టమ్‌లో ఇంకా హార్డ్ డిస్కే ఉంటే, పైన ఎన్ని సెట్టింగ్‌లు మార్చినా వచ్చేది అరకొర తేడానే.

మెమరీ గీత 85 శాతం దాటి ఉంటే ర్యామ్ చాలట్లేదు. 4 జీబీ సిస్టమ్‌లో విండోస్ 10 తనే రెండు జీబీకి పైగా తీసుకుంటుంది. క్రోమ్‌లో నాలుగైదు ట్యాబ్‌లు తెరిస్తే మిగిలింది అయిపోతుంది. అక్కణ్నుంచి డిస్క్ మీద పేజ్ ఫైల్‌ని ర్యామ్‌లా వాడుకుంటుంది. అలా ర్యామ్ కొరత కూడా డిస్క్ 100 శాతం రూపంలోనే కనిపిస్తుంది, అందుకే రెండు గీతలూ కలిపి చూడాలి.

ఇక సీపీయూ దగ్గర స్పీడ్, బేస్ స్పీడ్ అని రెండు అంకెలుంటాయి. ఏదైనా బరువైన పని నడుస్తున్నప్పుడు బేస్ 3.3 గిగాహెర్ట్జ్ ఉండగా స్పీడ్ 0.8 కి పడిపోతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి తగ్గించుకుంటోంది. డెస్క్‌టాప్‌లో అయితే వేడి. ల్యాప్‌టాప్‌లో వేడి కాకపోతే ఛార్జర్ చూడండి: కంపెనీది కాని, తక్కువ వాట్ల అడాప్టర్ పెడితే కొన్ని ల్యాప్‌టాప్‌లు దాన్ని గుర్తుపట్టక వేగాన్ని అట్టడుగుకి దించేస్తాయి.

అక్కడే అప్ టైమ్ అని ఒకటి ఉంటుంది. రోజూ షట్ డౌన్ చేస్తున్నా అది 12 రోజులు, 20 రోజులు చూపిస్తే ఆశ్చర్యపోవద్దు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగదు, తన లోపలి స్థితిని డిస్క్ మీద దాచుకుంటుంది. పూర్తిగా ఆగి కొత్తగా లేవాలంటే రీస్టార్ట్ కొట్టాలి. వారానికోసారి రీస్టార్ట్ చేస్తే కొన్ని ఇబ్బందులు వాటంతటవే పోతాయి.

ఖర్చు లేని పనులు

టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ ట్యాబ్‌కి వెళ్లి, హై ఇంపాక్ట్ అని ఉన్నవాటిని డిజేబుల్ చేయండి. టొరెంట్, మీటింగ్ యాప్‌లు, మ్యూజిక్ యాప్‌లు, ప్రింటర్ కంపెనీ పెట్టిన అసిస్టెంట్, రకరకాల అప్‌డేటర్‌లు, ఇవన్నీ కావాలన్నప్పుడు తెరుచుకోవచ్చు. డిజేబుల్ చేస్తే ప్రోగ్రామ్ పోదు, తనంతట తాను లేవడం మానేస్తుంది, అంతే. సౌండ్‌కి సంబంధించిన రియల్‌టెక్, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్, విండోస్ సెక్యూరిటీ వీటి జోలికి మాత్రం పోవద్దు. క్రోమ్ మూసేసినా వెనక నడుస్తుంటుంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ అన్న మీట ఆపేయండి.

రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. గడువు తీరిన ట్రయల్ అయితే మరీ ముఖ్యం. అది కాపాడదు, అడ్డం మాత్రం పడుతుంది. ఇంటి వాడకానికి విండోస్‌తో వచ్చే డిఫెండర్ సరిపోతుంది. షాపులో క్రాక్ చేసిన విండోస్ వేయించి ఉంటే డిఫెండర్‌నే ఆపేసి ఇచ్చి ఉండొచ్చు, ఒకసారి చూసుకోండి. వైరస్ అనుమానముంటే విండోస్ సెక్యూరిటీ స్కాన్ ఆప్షన్లలో ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. సిస్టమ్ రీస్టార్ట్ అయ్యి సుమారు పావుగంటలో ముగుస్తుంది.

సీ డ్రైవ్‌లో కనీసం 15 నుంచి 20 శాతం ఖాళీ ఉండాలి. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లో ఏవి తీసేయొచ్చో అదే చూపిస్తుంది. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఉంటుంది, టిక్ తీసేశాకే రిమూవ్ నొక్కండి. ఆధార్, పాస్‌బుక్ స్కాన్‌లు అందరివీ అక్కడే ఉంటాయి. డీఫ్రాగ్ (చెదిరిన ఫైల్ ముక్కల్ని ఒకచోట చేర్చడం) హార్డ్ డిస్క్‌కే, ఎస్ఎస్‌డీకి అక్కర్లేదు. రెండూ విండోస్ తనే చూసుకుంటుంది. రిజిస్ట్రీ క్లీనర్, పీసీ బూస్టర్ లాంటివి దించుకోకండి. వాటితో వేగం పెరగడం కంటే కొత్త యాడ్‌వేర్ చేరడమే ఎక్కువ.

డిస్క్ ఆరోగ్యం: ఇక్కడ తొందరపడితే ఫొటోలు పోతాయి

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే డిస్క్ స్థితి ఒక్క మాటలో చెబుతుంది: గుడ్, కాషన్, బ్యాడ్. ఆ మాటతో ఆగకుండా కింది వరుసలు చూడండి. 05 అంటే పాడై పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్క్ మీది చిన్న గడులు). సీ5 అంటే చదవడానికి మొరాయిస్తున్నవి. సీ6 అంటే ఇక చదవలేకపోయినవి. ఈ మూడింటి రా వాల్యూ సున్నా ఉండాలి. సీ5 పెరుగుతుంటే ఒక్కో సెక్టార్‌ని డిస్క్ మళ్లీ మళ్లీ చదవబోతుంది, ఆ సేపు మౌస్ తప్ప తెర మీద ఏదీ కదలదు. హ్యాంగ్ అయిందనుకునేది తరచు ఇదే.

సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ మంచిదే. సాటా కేబుల్ లూజు లేదా పాతది. కొత్త కేబుల్‌తో తీరిపోయే సమస్యకి డిస్క్ మార్చేవాళ్లున్నారు.

05, సీ5, సీ6 లో అంకెలు కనిపిస్తే మొదటి పని బ్యాకప్. చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు వెతికే విండోస్ పరీక్ష) గానీ, డీఫ్రాగ్ గానీ అప్పుడే నడపొద్దు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ని గంటల తరబడి మొత్తం చదివిస్తే, కాపీ చేసుకోవడానికి మిగిలిన అవకాశం కూడా పోతుంది. డీ డ్రైవ్ భద్రమని అనుకోవద్దు, అదీ అదే డిస్క్ మీద ఉంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, ట్యాలీ డేటా ఫోల్డర్, బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసుకోండి. డీటీపీ పని చేసేవాళ్లు అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ ఇన్‌స్టాలర్‌లు, లైసెన్స్ వివరాలు చేతిలో ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. ఫార్మాట్ అయ్యాక వెతుక్కుంటే దొరకవు.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ "స్కానింగ్ అండ్ రిపేరింగ్ డ్రైవ్" అని వస్తోందా? యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. కరెంటు పోకపోయినా అదే వస్తుంటే డిస్క్ పోయే దారిలో ఉంది.

ఎస్ఎస్‌డీ పెట్టడం

ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే ఎస్ఎస్‌డీకే పెట్టండి. పాత బోర్డులకి కావలసింది 2.5 అంగుళాల సాటా రకం. చూయింగ్ గమ్ రేకులా ఉండే ఎన్‌వీఎంఈ చవగ్గా దొరికిందని కొనొద్దు, చాలా పాత బోర్డులు దాన్నుంచి బూట్ కావు. 240 లేదా 256 జీబీ కనీసం. ఫొటోలు ఎక్కువుంటే 480, 500. పాత బోర్డులో సాటా 2 మాత్రమే ఉంటే సెకనుకు 300 ఎంబీ పరిమితి ఉంటుంది, ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ బోర్డులు చాలావరకు ఇంతే. దాని గురించి దిగులు అక్కర్లేదు. చిన్న ముక్కలు చదవడంలో వచ్చే లాభం అక్కడా వస్తుంది.

పార్ట్‌ల కోసం హైదరాబాద్ నగరంలో ఎక్కువమంది వెళ్లేది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అందరూ పిలిచే పేరు సీటీసీ. రెండు మూడు షాపుల్లో ధర అడిగాకే తీసుకోండి. జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోవాలి. పేరున్న ఎస్ఎస్‌డీలకి రకాన్ని బట్టి మూడు నుంచి ఐదేళ్ల వారంటీ ఉంటుంది, బిల్లు లేకపోతే అది కాగితం మీద మాటే. ఊరూ పేరూ లేని బ్రాండ్ 1 టీబీ నమ్మలేనంత చవగ్గా ఇస్తామంటే నమ్మకండి. పైకి 1 టీబీ చూపించి లోపల చాలా తక్కువ ఉండే నకిలీలున్నాయి. డేటా వేసే ముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ తో మొత్తం నింపి పరీక్షిస్తే బండారం బయటపడుతుంది. ఒక సాటా కేబుల్ కూడా తీసుకోండి, డెస్క్‌టాప్‌కి అది విడిగా కావాలి.

ఇప్పుడున్న విండోస్ అలాగే కావాలంటే క్లోన్ చేయాలి, అంటే పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి కాపీ చేయాలి. ఎస్ఎస్‌డీ కంపెనీ ఇచ్చే ప్రోగ్రామ్ గానీ, ఉచితంగా దొరికే క్లోన్‌జిల్లా గానీ వాడొచ్చు. క్లోన్‌జిల్లాకి మామూలుగా కొత్త డిస్క్ పాతదాని కంటే చిన్నది కాకూడదు. 500 జీబీ నుంచి 256 కి వెళ్లాలంటే కంపెనీ ప్రోగ్రామే సులువు, అది కూడా వాడిన డేటా 256 లో పట్టేటట్టుంటేనే. ప్రాణం పోయేంత జాగ్రత్త ఒక్కచోటే: ఏది సోర్స్, ఏది డెస్టినేషన్. రెండు డిస్కుల మోడల్ పేరు, సైజు కాగితం మీద రాసుకుని సరిచూసుకున్నాకే ఎంటర్ కొట్టండి. తిరగబడితే ఖాళీ డిస్క్ మీ డేటా మీద కాపీ అవుతుంది.

క్లోన్ అయ్యాక షట్ డౌన్ చేసి పాత డిస్క్ కేబుల్ పీకి, ఎస్ఎస్‌డీ ఒక్కదానితో మొదటిసారి లేపండి. రెండూ ఉంటే విండోస్ దేన్నుంచి లేచిందో తెలియక తికమక. బయోస్‌లో సాటా మోడ్ ఐడీఈ అని ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చాలి, కానీ నేరుగా మారిస్తే నీలి తెర వస్తుంది. ముందు విండోస్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరిచి బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టండి. రీస్టార్ట్‌లో బయోస్‌కి వెళ్లి ఏహెచ్‌సీఐ చేయండి. సేఫ్ మోడ్‌లో లేచాక టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉన్న ల్యాప్‌టాప్ అయితే బయోస్ ముట్టుకోకముందే రికవరీ కీ రాసి పెట్టుకోండి.

ల్యాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవ్ ఎవరూ వాడట్లేదు కదా. దాన్ని తీసి ఆ చోట క్యాడీలో (అక్కడ పట్టే డిస్క్ తొడుగు) పాత హార్డ్ డిస్క్ పెట్టి, అసలు చోట ఎస్ఎస్‌డీ పెట్టొచ్చు. క్యాడీ మందం 9.5 మిల్లీమీటర్లా, 12.7 ఆ కొలిచి కొనండి.

ర్యామ్

టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2 అని ఉంటే ఇంకొకటి గుచ్చొచ్చు. విండోస్ 32 బిట్ అయితే ముందు దాన్ని 64 బిట్ చేయాలి, లేదంటే 4 జీబీ దాటినా వాడుకోదు. కొనడానికి వెళ్లేటప్పుడు పాత ర్యామ్ తీసి జేబులో వేసుకెళ్లడమే అన్నిటికంటే మంచి పద్ధతి. డీడీఆర్3 ల్యాప్‌టాప్ ర్యామ్‌కి స్టిక్కర్ మీద పీసీ3ఎల్ అని ఉంటే 1.35 వోల్టులది, అది 1.5 వోల్టుల బోర్డులో కూడా నడుస్తుంది. 1.5 వోల్టుల పీసీ3 మాత్రం 1.35 కే తయారైన ల్యాప్‌టాప్‌లో నడవదు. డెస్క్‌టాప్ డీడీఆర్3 లో చవకైన 8 జీబీ స్టిక్‌లు కొన్ని ఏఎండీ బోర్డులకే పనికొస్తాయి, ఇంటెల్ బోర్డులో డిస్‌ప్లే రాదు. షాపులోనే "ఇంటెల్‌లో నడుస్తుందా, నడవకపోతే వాపసు తీసుకుంటారా" అని అడిగి బిల్లు మీద రాయించుకోండి.

గుచ్చే ముందు ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి, క్యాబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకోండి. రెండు కొసలా లాక్ టక్కుమనాలి. డిస్‌ప్లే రాకపోతే కంగారొద్దు, బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ గుచ్చండి.

దుమ్ము, ఎండ

ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మాత్రమే స్లో అవుతూ, రాత్రి బాగుంటే కారణం వేడి. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో, పని నడుస్తుండగా 80, 85 డిగ్రీలు పర్లేదు. 95 దాటితే వేగం పడిపోతుంది. సీపీయూ ఫ్యాన్ విప్పి చూడండి. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము లెక్కలోది కాదు, ఫ్యాన్‌కీ కింది అల్యూమినియం రేకులకీ మధ్య బూడిదరంగు పొర దళసరిగా అతుక్కుని ఉంటుంది, గాలిని ఆపేది అదే. పైనుంచి బ్లోయర్ కొడితే అది కదలదు. ఫ్యాన్ తీసి బ్రష్‌తో రాల్చాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో ఆపి పట్టుకోండి, విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

హీట్‌సింక్ (ఆ అల్యూమినియం రేకుల దిమ్మ) తీస్తే, దానికీ ప్రాసెసర్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ మార్చక తప్పదు. తీసే ముందు అయిదు నిమిషాలు సిస్టమ్ నడిపి ఆపితే పేస్ట్ మెత్తబడుతుంది. ఏఎండీలో నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా ఊడొచ్చి కాళ్లు వంగుతాయి; అటూ ఇటూ కాస్త తిప్పి తీయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాతది తుడిచి, మధ్యలో శనగగింజంత కొత్తది పెడితే చాలు. ఇంటెల్ కూలర్ నాలుగు పిన్నులూ బోర్డు వెనక్కి పూర్తిగా దిగాయో లేదో చూడండి. ఒక్కటి ఊగినా పేస్ట్ మార్చకముందు కంటే వేడి పెరుగుతుంది.

ఏ విండోస్, ఎంతవరకు

విండోస్ 7 కి 2020 జనవరి 14 తోనే సపోర్ట్ ఆగిపోయింది, క్రోమ్ కూడా దానికి 109 దగ్గరే నిలిచిపోయింది. విండోస్ 10 కి 2025 అక్టోబర్ 14 తో ఆగింది. ఇళ్లలో వాడేవాళ్లకి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్‌లు వస్తాయి. విండోస్ 11 కి టీపీఎం 2.0 (బోర్డు మీది సెక్యూరిటీ ఏర్పాటు), ఇంటెల్‌లో అయితే సుమారుగా ఎనిమిదో తరం నుంచి ఉండాలి. హద్దు దాటించి వేసే ఉపాయాలున్నాయి గానీ అప్‌డేట్‌లకి మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. కోర్ 2 డ్యూయో మీద విండోస్ 11 లోని 24హెచ్2 వెర్షన్ అసలు లేవనే లేవదు.

డీడీఆర్2 బోర్డు, కోర్ 2 డ్యూయో దగ్గర ఆగిన సిస్టమ్‌కి ర్యామ్ కొనడం దండగ. ఎస్ఎస్‌డీ మాత్రం వేసుకోవచ్చు, రేపు వేరే సిస్టమ్‌కి మార్చుకోవచ్చు కాబట్టి. దాని మీద విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఉచిత సిస్టమ్ వేస్తే నెట్, యూట్యూబ్, ఉత్తరాలు రాసుకోవడం జరిగిపోతాయి. 2 జీబీ ర్యామ్ కనీసం, 4 ఉంటే హాయి. అను, పేజ్‌మేకర్, ట్యాలీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌ల మీద పని నడిచే ఇళ్లలో దీని జోలికి పోవద్దు. మిగతావాళ్లు 8 జీబీ పెన్ డ్రైవ్‌లో మింట్ వేసి, ఇన్‌స్టాల్ నొక్కకుండా లైవ్‌లో, అంటే పెన్ డ్రైవ్ నుంచే నడపండి. వైఫై దొరుకుతోందా, ప్రింటర్ నుంచి కాగితం వస్తోందా, కీబోర్డ్ సెట్టింగ్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పెడితే అక్షరాలు సరిగ్గా పడుతున్నాయా, ఈ మూడూ చూసుకున్నాకే డిస్క్‌లోకి ఎక్కించండి.